కాచిగూడ బిజ్జు

నేను పత్రికలకు రాసినవాటిలో నలుగురి నోట్లో నానింది ఒక్క వ్యాసమే. అందులో ప్రతి వాక్యమూ నిజం. జంతువు ఒక్కటే తప్పు.

2020 వేసవిలో, లాక్‌డౌన్ రోజుల్లో, ‘కాచిగూడ కప్పు మీద తేనె బాడ్జర్’ అని శీర్షిక పెట్టి ఒక వారపత్రికకు పంపాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాడు, తన ఇంటి అటక మీదే చూశానని రాస్తే ఎడిటర్ మాత్రం ఏమడుగుతాడు? వేసేశారు. పాత విద్యార్థులు ఫోన్లు చేశారు. ఊరంతా తిరిగి ఆ వ్యాసం వాట్సాప్‌లో మళ్లీ నాకే వచ్చింది, ఎవరో నా పేరు తీసేసి తమ పేరు పెట్టుకున్న రూపంలో. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ పెద్దమనిషికి రుణపడి ఉన్నాననిపిస్తుంది.

మా ఇల్లు నింబోలిఅడ్డ వైపు సందులో. తాతగారి కట్టడం. ముందు మిద్దె, వెనక బెంగుళూరు పెంకుల వసారా, పెంకుల కింద చెక్క పలకలు. పెంకులకూ పలకలకూ మధ్య ఉన్న జాగాను అటక అంటాం గాని అక్కడికి మనిషి పాక్కుంటూ వెళ్లాల్సిందే. వెనక గోడకు ఆనుకుని వేపచెట్టు, పక్కింట్లో సపోటా, రైల్వే వాళ్ల గోడ వైపు ఎవరూ నాటని రావి, ఇంకాస్త అవతల ఈతచెట్లు. 1916లో కట్టిన స్టేషను పక్కన పుట్టి పెరిగినవాళ్లం. రైలు వస్తే మాట ఆపి, వెళ్లిపోయాక ఆపిన చోటు నుంచే అందుకోవడం మా సందులో అందరికీ అలవాటు. ఆ మార్చి ఆఖరున రైళ్లు ఆగిపోయాయి. అప్పుడు వినపడింది అటక మీద నడక. అది కొత్తగా వచ్చి చేరిందని అందరం అనుకున్నాం. ఏళ్ల నుంచీ అక్కడే ఉండి ఉంటుందని, మా చెవులకే అప్పుడు తీరిక చిక్కిందని ఇప్పుడు నా అనుమానం.

మే నెల మధ్యలో మైలార్‌దేవ్‌పల్లి దగ్గర నడిరోడ్డు మీద కూర్చున్న చిరుత వీడియోను ఊరు ఊరంతా చూసింది. ఇక ఆ వారం నుంచి హైదరాబాదులో పిల్లి కనబడితే చిరుతపిల్ల, కుక్క కనబడితే తోడేలు. మా ఆవిడ కూడా, “చిరుతపిల్లేమోనండీ” అంది. నేను నవ్వాను. పక్కింటి చాచా పిట్టగోడ మీదికి వంగి, “చీతా వీతా కుచ్ నై సాబ్, కబర్ బిజ్జు హై. బచ్‌పన్ సే దేఖ్‌రౌఁ” అన్నారు.

చిన్నప్పటి నుంచి చూస్తున్నానని ఆయన చెప్పారు. నా చెవికి ఎక్కింది బిజ్జు అన్న మాట ఒక్కటే. బిజ్జు అంటే రేటెల్, తేనె బాడ్జర్, మెల్లివోరా కపెన్సిస్. పాతకాలపు ఇంగ్లీషు వేటగాళ్ల పుస్తకాల్లో దాని పేరు అదే, కబర్, అంటే సమాధి, తవ్వుతుందన్న నింద కూడా అదే. నాకు లంకె కుదిరిపోయింది. మీరు చూసింది ఏ చెట్టు మీద, ఏం తింటుంటే చూశారు, తోక ఎంత ఉంటుంది అని ఒక్క ప్రశ్న అడగలేదు. గోడకు అటు ఆయన, ఇటు నేను. ఆ ప్రశ్నలేవో అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. మా ఊళ్లో అదే మాటను రెండు జంతువులకూ వాడతారని తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఇక ఆధారాలు. నాకు ఆధారాలు లేక కాదు, బోలెడున్నాయి. నీళ్ల డ్రమ్ము మూత మీది దుమ్ములో ఒక పొద్దున అడుగు కనబడింది. పిల్లి అడుగులో నాలుగు వేళ్లు పడతాయి, కుక్కదీ అంతే. ఇక్కడ ఐదు. ముంగిసకూ ఐదే గాని దాని పాదం చిన్నది. ఐదు వేళ్లు, పెద్ద పాదం, కాబట్టి ముస్టెలిడే కుటుంబం అన్నాను, క్లాసులో అన్నట్టే గట్టిగా. రేటెల్ ముందరి పాదాలకు దాదాపు నాలుగు సెంటీమీటర్ల గోళ్లుంటాయి. అడుగు పడిన చోట వేళ్లకు బాగా ముందుగా గోళ్ల గీతలు కనబడాలి. డ్రమ్ము మూత మీద గీతలు లేవు. దుమ్ము పల్చగా ఉంది, అందుకే పడలేదని సర్ది చెప్పుకున్నాను.

ఇంకో రాత్రి టార్చి వెలుగులో పెంకుల సందు నుంచి ముఖం కనబడింది, రెప్పపాటు. నల్లటి ముఖం, కళ్ల దగ్గర తెల్ల మచ్చలు. బాడ్జర్ ముఖం తెలుపూ నలుపూ కదా! అవును, ఇంగ్లీషు పిల్లల పుస్తకాల్లో బొమ్మగా వేసే బాడ్జర్ ముఖం మీద తెలుపు నలుపు చారలుంటాయి. అది ఐరోపా బాడ్జర్, మెలిస్ మెలిస్. గుంపుగా కాపురం ఉండి, తరతరాలు ఒకే బొరియల్లో గడిపి, వానపాములు దొరికిన రాత్రి వందలకొద్దీ మింగే ప్రాణి. మన రేటెల్ దానికి దూరపు చుట్టమే. దాని ముఖం మీద చారలే ఉండవు. నెత్తి మొదలు తోకదాకా బూడిద తెలుపు, ఆ కిందంతా నలుపు. ఇది నేనే బోర్డు మీద గీసి చెప్పిన తేడా. ఆ రాత్రి మాత్రం ఐరోపా బాడ్జర్ ముఖాన్నీ, ఆఫ్రికా వీడియోల్లో చూసిన రేటెల్ ఒంటినీ, మా అటక మీది అడుగులనూ కలిపి కుట్టి ఒక జంతువును తయారుచేశాను.

మా ఆవిడ నాకంటే ముందే తోక చూసింది. “తోక ఒంటి పొడుగుందండీ” అంది. రేటెల్ తోక పొట్టిది. “భయపడినప్పుడు అన్నీ పొడుగ్గానే కనిపిస్తాయి” అన్నాను. ఆ మాటకు ఆమె ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇంట్లో ఏ విషయంలో నేను గట్టిగా మాట్లాడినా, “తోక సంగతి గుర్తుందా” అంటుంది.

వాసన సంగతి ఇంకా ఘోరం. కొన్ని రాత్రులు వసారాలో బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన వచ్చేది. లాక్‌డౌన్‌లో, అర్ధరాత్రి, హోటళ్లన్నీ మూసి ఉండగా. మూసిన షట్టరు వెనక ఎవరో దొంగతనంగా బిర్యానీ వండుతున్నారని తేల్చాను, ఫలానా హోటలేనని కూడా చెప్పాను. రేటెల్ తోక కింద గ్రంథుల నుంచి వచ్చే కంపు ముక్కులు బద్దలు కొడుతుందని చదివినవాణ్ణి. ఆ కంపు కోసం ఎదురుచూస్తున్నాను గాని, ఎదురుగా వస్తున్న వాసన ఎవరిదని అడగలేదు. పిట్టగోడ మీద రోజూ ఒకే చోట పెంటికలు. నిండా గింజలు, నమలకుండా మింగి కడిగేసినట్టు బయటికి వచ్చినవి: ఈతగింజలు, నల్లగా మెరిసే సపోటా గింజలు. మాంసాహారి పెంటలో పళ్ల గింజలేమిటి అన్న ప్రశ్న ఫస్టియర్ పిల్లాడు వేస్తాడు. నేను వాటిని గబ్బిలాల మీదికి తోసేసి చీపురుతో ఊడ్చేశాను. గబ్బిలం ఈతగింజ మింగలేదని కూడా నాకు తట్టలేదు.

ఒక రాత్రి నిండు వెన్నెల. మంచి అవకాశమని మిద్దె మీద కుర్చీ వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఏమీ రాలేదు. మా అటక మీది జంతువు వెన్నెల రాత్రుల్లో తిరుగుడు తగ్గించే జాతిదని తర్వాత చదివాను. అప్పటికి మాత్రం, “రేటెల్ తెలివి అలాంటిది, మనం కాపు కాస్తున్నామని పసిగట్టింది” అని చాచాకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, మర్యాదస్తుడు.

తెలివి అనడానికి కారణం దక్షిణాఫ్రికాలోని స్టాఫెల్. మొహొలొహొలో అనే వన్యప్రాణి కేంద్రంలో పెరిగిన రేటెల్ అది. గేటు గొళ్లెం తీసేది, గోడకు రాళ్లు పేర్చి ఎక్కేది, పారను నిచ్చెనగా వాడుకునేది. 2014లో బీబీసీ వాళ్లు దాని మీద చిత్రం తీశారు. ఆ చిత్రం చూసినవాడికి ప్రతి చప్పుడులోనూ స్టాఫెలే వినపడుతుంది. వ్యాసంలో సగం అదే. మిగతా సగం కూడా మంచి సమాచారమే, చెప్పడానికి ఇప్పుడూ సిగ్గుపడను. రేటెల్ చర్మం మెడ దగ్గర ఆరు మిల్లీమీటర్ల దళసరి, పైగా వదులు. ఎవరైనా మెడ పట్టుకుంటే చర్మంలోపలే తిరిగి పట్టుకున్నవాణ్ణే కరుస్తుంది. తేనె బాడ్జర్ అని పేరే గాని తేనెతుట్టెలో దానికి కావలసింది తేనె కంటే పురుగులు, అంటే తేనెటీగల పిల్లలు. నాగుపాము విషం కండరాల మీది గ్రాహకాలకు అతుక్కుని ఊపిరి ఆపేస్తుంది. రేటెల్‌లో ఆ గ్రాహకం మీద ఒక అమినో ఆమ్లం మారి ఆర్జినిన్ వచ్చి కూర్చుంది, దాంతో విషం సరిగా అతుక్కోలేదు. డానియెల్ డ్రాబెక్ బృందం 2015లో ఈ సంగతి ప్రచురించింది. పందిలోనూ ముళ్లపందిని పోలిన హెడ్జ్‌హాగ్‌లోనూ ఇలాంటి మార్పే విడివిడిగా వచ్చింది. మన ముంగిసది వేరే దారి, దాని గ్రాహకానికి ఒక చక్కెర అణువు అడ్డం నిలబడుతుంది. కలహారి ఎడారిలో కీత్, కొలీన్ బెగ్ దంపతులు ఏళ్ల తరబడి రేటెళ్ల వెంట తిరిగారు. ఒక్కో మగది 500 చదరపు కిలోమీటర్లకు పైగా తిరుగుతుందనీ, తల్లి సాధారణంగా ఒక్క పిల్లనే కని ఏడాది దాటేదాకా వెంట తిప్పుకుంటుందనీ వాళ్ల లెక్కలు చెప్పాయి.

500 చదరపు కిలోమీటర్లు. కాచిగూడ సందులో. ఈ రెండింటినీ ఒకే వ్యాసంలో పెట్టి, ఒకదాని పక్కన ఒకటి చదివి, సంతకం చేశాను.

వ్యాసంతో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. దాన్ని అటక మీంచి పంపించాలని కంకణం కట్టుకున్నాను. బాడ్జర్ తవ్వుతుంది కదా, వెనక గోడ కింద ఉన్న సందులన్నీ రాళ్లూ సిమెంటూ పెట్టి పూడ్చాను. అది వేప కొమ్మ మీద నుంచి వచ్చేది, నేల తొక్కేది కాదు. తెలిసినవాళ్ల దగ్గర ఒక బోను తెచ్చి, లోపల రొట్టెకు తేనె పూసి పెట్టాను. చీమలు పట్టాయి. ఆ రాత్రే వంటింటి కిటికీ దగ్గర పెట్టిన అరటిపళ్లు మాయమయ్యాయి. తొక్కలు పొద్దున పెంకుల మీద దొరికాయి. అప్పుడు కూడా కోతుల పేరే చెప్పాను. ఇంకో సంగతి ఉంది, ఇది చెప్పడం కష్టంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రేటెల్ మొదటి షెడ్యూలులో ఉంది, పులితో పాటు. దాన్ని బోనులో పెట్టడం నేరం. అది రేటెలేనని నమ్ముతూనే, ఆ చట్టం తెలిసి ఉండే, నేను బోను తెచ్చాను.

బోను పనిచేయలేదు గనక రంధ్రం మూసేద్దామనుకున్నాను. వేపచెట్టు వైపు రెండు పెంకులు జారిన చోటే దాని దారి. రాత్రి తిరిగే జంతువు గనక పగలు మూస్తే లోపలే చస్తుంది, చీకటి పడి అది బయటికి వెళ్లాక మూయాలి. ఆ లెక్క సరైనదే. పిల్లలుంటాయేమో అన్న ఆలోచన కూడా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. వచ్చిన మరుక్షణమే కొట్టేశాను. రేటెల్ ఒక్క పిల్లను కంటుంది, నేల బొరియలో కంటుంది, పెంకుల కింద కనదు. పుస్తకంలో అలాగే ఉంది మరి. తొంగి చూడకుండానే ఇనప జాలీ పెట్టి మేకులు కొట్టించాను.

ఆ రాత్రి పెంకులు లేచిపోతాయా అన్నంత గోల. గీరడం, లాగడం, ఒక పెంకు జారి వాకిట్లో పడి ముక్కలైంది. మధ్యమధ్యలో పిల్లి అరుపూ కాదు, కుక్క అరుపూ కాదు. ఇంట్లో ఎవర్నీ వెనక తలుపు తీయనివ్వలేదు. సింహాన్నే లెక్కచేయని జంతువు, గిన్నిస్ పుస్తకం వాళ్లు అన్నిటికంటే భయం లేని జంతువని రాశారు, కోపంలో ఉంది, మీదపడితే చీరేస్తుంది అని చెప్పాను. పొద్దున్నే అటక లోపల్నించి సన్నగా ఏదో వినపడింది. “పిల్లల ఏడుపులా ఉందండీ” అంది మా ఆవిడ. ఎలుకలు అన్నాను. చూద్దామంటే వద్దన్నాను, జాలీ తీద్దామంటే అసలే వద్దన్నాను. పగలంతా ఆ సన్నటి శబ్దం వస్తూనే ఉంది. మళ్లీ రాత్రి, మళ్లీ గీరుడు. రేటెల్ గురించి నాకేమీ తెలియకపోయి ఉంటే ఆ పొద్దునే నిచ్చెన వేసి చూసేవాణ్ణి. తెలిసింది గనకే భయపడ్డాను.

నాకు చెప్పకుండా మా ఆవిడ గౌడన్నను పిలిపించింది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తండ్రి. భువనగిరి వైపు ఊళ్లో తాళ్లెక్కే మనిషి, కూతుర్ని చూడ్డానికి వచ్చి లాక్‌డౌన్‌లో ఇక్కడే చిక్కుకుపోయాడు. ఆయన వచ్చి ముందు అటక చూడలేదు. పిట్టగోడ దగ్గర ఆగి, నేను ఆ పొద్దున ఊడ్చకుండా వదిలేసిన పెంటికలు చూశాడు. పుల్లతో కదిపాడు.

“గిది మానుపిల్లి కదమ్మా. ఈతపండ్లు తిన్నది సూడుండ్రి.”

“అది కాదు పెద్దాయనా, బాడ్జర్...” అని నేను మొదలుపెట్టాను.

“ఏమో సారూ, గాయింత నాకు తెల్వదు. మా లొట్లల్ల కల్లు తాగిపోయేది మాత్రం గిదే.”

నిచ్చెన కూడా అడగలేదు. వేపచెట్టెక్కి, పెంకుల మీదికి దిగి, జాలీ అంచు పట్టుకుని చూశాడు. “గీ జాలి ఎవలు కొట్టిండ్రు?” అన్నాడు. నేనే అన్నాను. ఇంకేమీ అనలేదు. నాలుగు పెంకులు తీసి పక్కన పెట్టి, భుజం మీది తువ్వాల లోపలికి పరిచి చెయ్యి పెట్టాడు. “పిల్లలున్నయమ్మా. మూడు. ఒకటి పోయింది” అని మా ఆవిడతో చెప్పాడు, నాతో కాదు.

రెండు బతికున్నాయి. కళ్లు తెరిచినవే, అరిచేతిలో పట్టేంత. ముఖం మీద అప్పటికే ఆ నల్లటి ముసుగు, కళ్ల దగ్గర తెల్ల మచ్చలు. రెప్పపాటు చూసి నేను బాడ్జర్ అన్న ముఖం. తోక నిజంగానే ఒంటి అంత ఉంది. పాలు తెస్తానని లోపలికి వెళ్లబోతే గౌడన్న ఆపాడు. ఆవుపాలు పడవు, తల్లి ఈడనే యాడనో ఉంటది, రాత్రికొస్తది అన్నాడు. పిల్లల్ని ఉన్నచోటే పెట్టి, జాలీ పీకి, పెంకులు ఒక్క జాగా వదిలి సర్దాడు. టార్చి వేయొద్దని, మిద్దె ఎక్కొద్దని చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి తల్లి వచ్చింది. ఒకదాన్ని మెడ పట్టి తీసుకుపోయి, కాసేపటికి తిరిగొచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది. కిటికీ చీకట్లోంచి మా ఆవిడ చూసింది. నేను చూడలేదు, చూడాలనిపించలేదు. చనిపోయినదాన్ని వేపచెట్టు కింద పూడ్చాను. ఆ జాగాలో తల్లి మళ్లీ కాపురం పెట్టలేదు.

మానుపిల్లి గురించి తర్వాత చదివింది గౌడన్నకు ముందే తెలుసు. పేరులోనే ఉంది చెట్టు. బరువు రెండు నుంచి ఐదు కిలోలు. పగలు చెట్టుతొర్రలోనో, ఊళ్లో అయితే అటకలోనో పడుకుంటుంది. చీకటి పడ్డాక కొమ్మలు, గోడలు, కరెంటు తీగలు, నీళ్ల పైపుల మీదుగా ప్రయాణం. పళ్లంటే ప్రాణం, ఎలుకలూ పురుగులూ కూడా తింటుంది. తాటి, ఈత చెట్లకు కట్టిన లొట్లలో కల్లు తాగుతుంది గనక ఇంగ్లీషువాళ్లు దాన్ని కల్లు పిల్లి అన్నారు. ఒక కాన్పులో రెండు నుంచి ఐదు పిల్లలు. తోక కింది గ్రంథుల వాసనే ఆ బాస్మతి వాసన. మలేషియాలో దాన్ని పాండన్ ఆకు వాసనతో పోలుస్తారు. ఒకే చోట పెంటికలు వేయడం దాని అలవాటు. మింగిన గింజలు చెడకుండా బయటికొస్తాయి, మొలుస్తాయి. రైల్వే గోడ పక్కన ఎవరూ నాటకుండా రావి మొలిచిందని రాశాను కదా, పిట్టలతో పాటు దీనికీ అందులో వాటా ఉండొచ్చు. గోళ్లు సగం లోపలికి ముడుచుకుంటాయి. డ్రమ్ము మూత మీద గీతలు పడకపోవడం దుమ్ము తప్పు కాదు.

ఒక చిన్న ఊరట కూడా దొరికింది, దానికి నేను అర్హుణ్ణి కాకపోయినా. 1770ల్లో జర్మన్ పండితుడు ష్రేబర్, గుడ్‌హోప్ అగ్రం నుంచి వచ్చిన రేటెల్ తోలు చూసి దానికి వివెర్రా కపెన్సిస్ అని పేరు పెట్టాడు. వివెర్రా అంటే పునుగుపిల్లుల ప్రజాతి. అంటే రేటెల్‌ను పునుగుపిల్లి అన్నాడు, నేను పునుగుపిల్లుల చుట్టాన్ని రేటెల్ అన్నాను. అదే దశకంలో పల్లాస్ మన మానుపిల్లికి పేరు పెడుతూ, ఆడదానికీ మగదానికీ తోక కింద గ్రంథులు ఒకేలా కనబడటం చూసి, రెండు లింగాలూ ఉన్నదని అర్థం వచ్చే హెర్మాఫ్రొడిటస్ తగిలించాడు. ఆ పేరు ఇంకా అలాగే ఉంది. వాళ్ల ముందు ఎండిన తోళ్లు, సీసాల్లో వచ్చిన నమూనాలు ఉండేవి. నా ముందు బతికిన జంతువు, దాని అడుగు, దాని పెంట, దాని వాసన, గోడ అవతల చాచా ఉన్నారు.

సంగతి సందులో పొక్కాక ఇంకో తలనొప్పి. పునుగుపిల్లి జాతి అనగానే, తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు దీనిదేనా, కొంచెం దొరుకుతుందా అని అడిగినవాళ్లున్నారు. పునుగు తీసే చిన్న పునుగుపిల్లి వేరే జాతి. నేల మీద తిరుగుతుంది, తోకకు పట్టీలుంటాయి అని అందరికీ చెప్పాను. ఈసారి రెండూ తెలిసినవాళ్లను అడిగి చెప్పాను.

అసలు రేటెల్‌ను చూడాలన్న కోరిక మాత్రం పోలేదు. రోడ్లు తెరుచుకున్నాక శ్రీశైలం దారిలో మన్ననూరు వెళ్లాను. అక్కడి నుంచి 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఫరహాబాద్ వైపు జీపులో తిప్పారు. రేటెల్ కనబడలేదు, కనబడుతుందని వెళ్లలేదు కూడా. పులుల లెక్క కోసం చెట్లకు కట్టే కెమెరాల్లో అప్పుడప్పుడు పడుతుందని అటవీశాఖ ఉద్యోగి ఒకాయన చెప్పి, ఫోనులో ఒక బొమ్మ చూపించారు. రాత్రి తీసింది, నలుపు తెలుపు. పొట్టి కాళ్లు, చెవులు లేనట్టున్న తల, వీపంతా తెల్లటి పరుపు, తల వంచుకుని ఎవరితోనూ పని లేనట్టు ఫ్రేము దాటిపోతోంది. తోక బెత్తెడుంటుంది. మా అటక మీది జంతువుతో ఒక్క పోలికా లేదు. ఐదు వేళ్లున్నాయి, అంతే.

పక్కనే ఉన్న చెంచు గైడును ఈసారి అడిగాను, దాన్ని ఎప్పుడైనా చూశావా అని. కొండతేనె కోసం తాళ్లు కట్టుకుని దిగే కుటుంబం వాళ్లది. చూడటం తక్కువేనని, అది వచ్చి వెళ్లిన చోటు తెలుస్తుందని చెప్పాడు. చెట్టు మొదట్లో తొర్రలో తేనెటీగలుంటే మొదలు చీల్చేసి ఉంటుందట, చుట్టూ మట్టి తవ్వేసి ఉంటుందట. మాట మధ్యలో ఆపకుండా విన్నాను. ఇంకా అడిగితే ఇంకా చెప్పేవాడేమో, జీపు వాళ్లు తొందరపెట్టారు.

తిరిగొచ్చాక పత్రికకు సవరణ పంపాను. పాత సంచికలకు సవరణలు వేయడం కుదరదని మర్యాదగా జవాబు వచ్చింది. కొత్త వ్యాసంగా రాయమన్నారు, మానుపిల్లి కంటే బాడ్జర్ మీద అయితే పాఠకులు చదువుతారని కూడా అన్నారు. రాయలేదు. పాత విద్యార్థుల గ్రూపులో మాత్రం పెట్టాను, అది జువాలజీ సారు పొరపాటని. బొటనవేలి గుర్తులు నాలుగు వచ్చాయి. మొదటి వ్యాసానికి వచ్చినవాటితో పోలిస్తే ఏమీ కాదు.

మొన్న మా సందులోనే ఉండే తొమ్మిదో తరగతి కుర్రాడు పరిసరాల ప్రాజెక్టు పుస్తకం పట్టుకుని వచ్చాడు. ‘మన చుట్టూ వన్యప్రాణులు’. మూడో పేజీలో దక్షిణాఫ్రికా రేటెల్ బొమ్మ అతికించి, కింద అందమైన చేతిరాతతో, ‘హైదరాబాద్‌లోని కాచిగూడలో తేనె బాడ్జర్లు నివసిస్తాయి’ అని రాశాడు. వాళ్ల నాన్న దాచిన నా వ్యాసంలోంచి తీసుకున్నానని, సంతోషిస్తాననుకుని చూపించాడు. అది తప్పురా, నాదే తప్పు, అది మానుపిల్లి అని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, పిల్లల సంగతి కూడా. శ్రద్ధగా విన్నాడు. మరి పేజీ మార్చి రాయి అంటే పుస్తకం మూసేశాడు.

“టీచర్ మార్కులు ఏసేసిండ్రు సార్, పదికి పది.”